బ్రౌన్ జుట్టు బంగారు రంగుకు తిరగాలంటే



పాత హాలీవుడ్ సినిమాలు చూసినవారికి మార్లిన్ మన్రో పేరు వినగానే ఆమె బంగారు రంగు జుట్టు గుర్తొస్తుంది. అది ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. 1926లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన ఆ అమ్మాయి పేరు నార్మా జీన్. జుట్టు బ్రౌన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ, అక్కడి నుంచి మోడలింగ్‌లోకి వచ్చింది. జుట్టు రంగు తేలికచేయించుకుంటే అవకాశాలు పెరుగుతాయని, మోడలింగ్ ఏజెన్సీ నడిపిన ఎమెలిన్ స్నైవ్లీ ఆమెకు నచ్చజెప్పింది. 1946లో ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ సంస్థతో ఒప్పందం కుదిరి మార్లిన్ మన్రో అయ్యేనాటికి ఆ బ్రౌన్ జుట్టు బంగారు రంగుకు తిరిగింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ రంగును నిలబెట్టుకుంటూనే ఉండాల్సివచ్చింది. ఎందుకంటే కుదుళ్ళలోంచి కొత్తగా వచ్చే ప్రతి వెంట్రుకా బ్రౌన్‌గానే వస్తుంది.

యూరప్‌లో, అమెరికాలో బ్రౌన్ జుట్టుతో పుట్టినవారు ఈ మార్పును ఇంట్లోనే, స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి చేసుకోవడం ఇప్పుడు మామూలు సంగతి. మందుల షాపులోనే రంగు డబ్బా దొరుకుతుంది. చదువుకీ ఉద్యోగానికీ అక్కడికి వెళ్ళిన మన పిల్లలు కూడా ఆ డబ్బాలు కొనుక్కుంటున్నారు. ఇక్కడ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం పార్లర్లలో బంగారు రంగు పాయలు అడిగేవాళ్ళు ఉన్నారు. జుట్టు రంగు మార్చుకోవాలనే కోరికలో తప్పేమీ లేదు. కానీ అది ఎలా జరుగుతుందో తెలియకుండా చేతిలోకి బ్రష్ తీసుకుంటే నష్టపోయేది మన జుట్టే. అందుకే ఈ విషయం ఇవాళ కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. తెల్లజుట్టుకు నల్లరంగు వేసుకునేటప్పుడు మనం బయటి రంగును వెంట్రుకలోకి ఎక్కిస్తాం. బ్రౌన్ జుట్టు బంగారు రంగుకు రావాలంటే లోపల ఉన్న రంగును తీసెయ్యాలి. అలా తీసేసిన సహజమైన రంగు ఆ వెంట్రుకకు మళ్ళీ రాదు. ఈ పనిలో ఉన్న కష్టాలన్నీ, జాగ్రత్తలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే పైన రంగులేని సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని కనిపిస్తాయి. ఆ పొరను క్యూటికిల్ అంటారు. దాని లోపల ఉండేది కార్టెక్స్. కెరటిన్ అనే ప్రోటీన్ పోగులతో అల్లుకున్న భాగం అది. జుట్టు బలమంతా అక్కడే ఉంటుంది, రంగూ అక్కడే ఉంటుంది. ఆ రంగును ఇచ్చే పదార్థం మెలనిన్. అందులో రెండు రకాలు. నలుపు, బ్రౌన్ ఛాయలనిచ్చేది యూమెలనిన్. ఎరుపు, పసుపు ఛాయలనిచ్చేది ఫియోమెలనిన్.

ఈ మెలనిన్‌ను కరిగించడానికి వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండ్లు కడిగేటప్పుడు తెల్లగా నురగ పొంగే మందుగా అది మనకు తెలుసు. దాన్ని 1818లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ తెనార్ కనిపెట్టాడు. జుట్టుకు వాడేటప్పుడు దానితో అమ్మోనియాలాంటి క్షారమో, పెర్‌సల్ఫేట్ లవణాలున్న బ్లీచ్ పొడో కలుపుతారు. క్షారం తగలగానే వెంట్రుక ఉబ్బి పొలుసులు విచ్చుకుంటాయి. పెరాక్సైడ్ లోపలికి దిగి మెలనిన్‌ను ముక్కలు చేస్తుంది. ఆ పనిలోనే కెరటిన్ పోగులను కలిపి ఉంచే గంధకపు బంధాలు కూడా కొన్ని తెగిపోతాయి. మెలనిన్‌ను మాత్రమే తీసేసి బంధాలను ముట్టుకోని బ్లీచ్ అంటూ ఏదీ లేదు. ఎంత ఎక్కువ రంగు తీస్తే అంత బలం పోతుంది.

ఇంకో సంగతి ఉంది. యూమెలనిన్ త్వరగా లొంగుతుంది. ఫియోమెలనిన్ మొండిది. అందుకే బ్రౌన్ జుట్టుకు బ్లీచ్ పెట్టగానే అది నేరుగా బంగారు రంగుకు రాదు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ రంగుకు వస్తుంది, ఆ తర్వాత ముదురు పసుపు, చివరికి లేత పసుపు. ఇంట్లో చేసుకున్న చాలామంది నారింజ రంగు దగ్గర భయపడి కడిగేస్తారు. అక్కడ మందు పాడైందనుకోనక్కర్లేదు. జుట్టు దారి మధ్యలో ఉందంతే.

ఈ దారిని కొలవడానికి జుట్టుపని చేసేవాళ్ళకు 1 నుంచి 10 దాకా ఒక కొలత ఉంది. 1 అంటే నలుపు. 3 ముదురు బ్రౌన్, 4 మధ్యస్థ బ్రౌన్, 5 లేత బ్రౌన్. 6 నుంచి బ్లాండ్, అంటే బంగారు రంగు ఛాయలు మొదలవుతాయి, 10 అన్నింటికంటే లేతది. అమ్మోనియా, పెరాక్సైడ్ ఉండే మామూలు డబ్బా రంగు, ఇంతకుముందు ఏ రంగూ పడని జుట్టును రెండు మూడు మెట్లు ఎక్కించగలదు. లేత బ్రౌన్ జుట్టువాళ్ళు దానితో ముదురు బంగారు రంగుకు చేరగలరు. అంతకుమించి లేతగా కావాలంటే బ్లీచ్ పొడి తప్పదు.

ఈ మోజు ఈనాటిది కాదు. రెండువేల ఏళ్ళ కిందట రోమన్ కవి ఓవిడ్, రంగుమందుల వల్ల తన ప్రియురాలి జుట్టు ఊడిపోయిందని ఒక కవితే రాశాడు. యుద్ధంలో చిక్కిన జర్మన్ల జుట్టుతో చేసిన విగ్గు పెట్టుకోవాల్సిన గతి ఆమెకు పట్టింది. 16వ శతాబ్దంలో వెనిస్ నగరపు స్త్రీలు ఇళ్ళ పైకప్పుల మీద కట్టిన చెక్క అరుగులెక్కి, జుట్టుకు మందులు పట్టించి, గంటల తరబడి ఎండలో కూర్చునేవారు. అందుకోసం నడినెత్తి భాగం లేని వెడల్పాటి అంచు టోపీ ఒకటి ఉండేది. ముఖానికి నీడ, జుట్టుకు ఎండ. 1590లో వెనిస్‌లో అచ్చయిన చెజారే వెచెల్లియో వేషధారణల పుస్తకంలో ఆ దృశ్యం బొమ్మతో సహా ఉంది. ఎండ మెలనిన్‌ను విరగ్గొడుతుందన్నది నిజమే. ఎండలో ఆడుకునే పిల్లల జుట్టు కొసలు రాగి రంగుకు తిరగడం మన ఊళ్ళలోనూ చూస్తూనే ఉంటాం.

పెరాక్సైడ్ వచ్చాక పని త్వరగా అవడం మొదలైంది. 1867 పారిస్ ప్రదర్శనలో లండన్ రసాయన నిపుణుడు టియెలే, పారిస్ కేశాలంకరణ నిపుణుడు హ్యూగో కలిసి పెరాక్సైడ్‌తో జుట్టు రంగు తేలికచేసి చూపించారు. 1930లలో హాలీవుడ్ నటి జీన్ హార్లో వెండిలాంటి తెల్లటి జుట్టుతో లోకాన్ని ఆకట్టుకుంది. 1931లో వచ్చిన ఆమె సినిమా పేరే ప్లాటినం బ్లాండ్. ఆ తెలుపు కోసం అదేపనిగా బ్లీచ్ పెట్టగా పెట్టగా ఆమె జుట్టు బాగా దెబ్బతిని, చివరి సంవత్సరాల్లో విగ్గు పెట్టుకుని నటించాల్సివచ్చింది. 1950లలో అమెరికాలో క్లైరాల్ కంపెనీ, రంగు తీయడం, ఎక్కించడం ఒకే మందుతో జరిగే రంగులను బాగా ప్రచారంలోకి తెచ్చాక ఈ పని పార్లర్ నుంచి ఇంట్లోకి నడిచివచ్చింది. ఓవిడ్ కాలం నుంచి హార్లో దాకా మందులు మారాయి. హద్దు దాటితే జుట్టు ఊడిపోవడం మాత్రం మారలేదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. బ్రౌన్ జుట్టుకు ఇంట్లో బ్లీచ్ పెట్టుకోదలిచినవారు ముందుగా తమ జుట్టు చరిత్ర గుర్తు తెచ్చుకోవాలి. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువ పెరుగుతుంది. అంటే భుజాలు దాటిన జుట్టు కొసలు రెండు మూడేళ్ళ కిందటివి. అప్పుడెప్పుడో వేసుకున్న రంగు ఆ కొసల్లో ఇంకా ఉంటుంది. ముఖ్యంగా గోరింటాకు పెట్టుకునేవాళ్ళు ఈ మాట వినాలి. స్వచ్ఛమైన గోరింటాకు రంగు కెరటిన్‌కు అతుక్కుపోతుంది, బ్లీచ్‌కు ఒక పట్టాన వదలదు. దాని మీద నీలి ఆకు పొడి కూడా పెట్టి ఉంటే బ్లీచ్ తర్వాత జుట్టు ఆకుపచ్చగా తేలవచ్చు. గోరింటాకు పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయి. వాటి మీద పెరాక్సైడ్ పడితే వెంట్రుక వేడెక్కి అక్కడికక్కడే తెగిపోతుంది. అలాంటి పొడి వాడిన జుట్టు పెరిగి, కత్తిరించుకునేదాకా బ్లీచ్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

తర్వాత 48 గంటల పరీక్ష. డబ్బా మీద రాసినట్టు, కొంచెం మందు చెవి వెనకో, మోచేతి మడతలోనో రాసి రెండు రోజులు చూడాలి. దురద, మంట, వాపు, పొక్కులు వస్తే ఆ మందు మీ ఒంటికి పడదు. జుట్టు రంగుల్లో వాడే పి.పి.డి., అంటే పారాఫినిలీన్ డయమీన్, కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. ముదురు రంగుల్లో అది ఎక్కువ, లేత రంగుల్లో తక్కువ. తక్కువ ఉంది కదా అని పరీక్ష మానకూడదు. పోయినసారి ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ ఏమీ కాదన్న భరోసా కూడా లేదు. అలర్జీ వాడగా వాడగా కూడా పుట్టవచ్చు.

ఇంకో పరీక్ష పాయ పరీక్ష. మెడ దగ్గర, పై జుట్టు కింద కనిపించని చోట ఒక సన్నటి పాయ తీసుకుని దానికి మాత్రమే బ్లీచ్ పెట్టండి. పది నిమిషాలకోసారి తుడిచి చూడండి. ఏ రంగుకు రావడానికి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి. కడిగాక ఆ తడి పాయను మెల్లగా లాగి చూడండి. కొద్దిగా సాగి మళ్ళీ వెనక్కి వస్తే జుట్టులో బలం ఉన్నట్టు. సాగి అలాగే ఉండిపోయినా, పుటుక్కున తెగినా ఆ తలకు బ్లీచ్ వద్దు. తల మొత్తం పాడవకుండా కాపాడేది ఈ ఒక్క పాయే.

మందు ఎంచుకోవడంలో పెరాక్సైడ్ బలం చూడాలి. సీసా మీద 10, 20, 30, 40 వాల్యూమ్ అని ఉంటుంది. 10 అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12 శాతం. ఇంట్లో మాడుకు తగిలేలా పెట్టుకునేవాళ్ళకు 20 వాల్యూమ్ చాలు. ఎక్కువ బలమున్న మందు త్వరగా పనిచేస్తుంది, అంతే త్వరగా మాడును కాలుస్తుంది. నెమ్మదిగా వచ్చిన రంగు సమానంగా వస్తుంది.

పని రోజుకు ముందు ఒకటి రెండు రోజులు షాంపూ పెట్టకండి. మాడు మీద సహజంగా ఊరే జిడ్డు కాస్త రక్షణ ఇస్తుంది. మాడు మీద పుండ్లు, గోకుళ్ళు ఉంటే అవి మానేదాకా ఆగండి. గది కిటికీలు తెరవండి. పెర్‌సల్ఫేట్ పొడి గాలిలో లేస్తే ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం. ఏళ్ళ తరబడి ఈ పొడితో పనిచేసే పార్లర్ వాళ్ళలో కొందరికి దానివల్లే ఉబ్బసం వస్తుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పాత బట్టలు కట్టుకోండి. ప్లాస్టిక్ గిన్నె, ప్లాస్టిక్ బ్రష్ వాడండి. లోహపు గిన్నె వద్దు. పొడి, పెరాక్సైడ్ ఎంతెంత కలపాలో ప్యాకెట్ మీద ఉంటుంది, ఆ పాళ్ళు మార్చకండి. కలిపిన మందు మిగిలితే పారబోయండి. సీసాలో పోసి మూత బిగిస్తే లోపల గ్యాస్ పుట్టి సీసా పగలవచ్చు. ఇంట్లో బట్టలకూ, బాత్‌రూముకూ వాడే క్లోరిన్ బ్లీచ్‌ను జుట్టుకు ఎప్పుడూ వాడకండి. అది అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

జుట్టును నాలుగు భాగాలుగా విడదీసి, మెడ వైపు నుంచి మొదలుపెట్టి, సన్నసన్నని పాయలుగా మందు పట్టించాలి. ఎవరైనా ఒకరు వెనక నిలబడి సాయం చేస్తే మేలు. ముందు పెట్టాల్సింది కుదుళ్ళకు కాదు. మాడుకు రెండు సెంటీమీటర్ల దూరం వదిలి, మధ్య నుంచి కొసలదాకా పెట్టాలి. ఒంటి వేడికి మాడు దగ్గర మందు త్వరగా పనిచేస్తుంది. అక్కడ ముందే పెడితే కుదుళ్ళు తెల్లగా, కొసలు నారింజగా మిగులుతాయి. అందుకే కుదుళ్ళు చివర. పెట్టాక డ్రయ్యర్‌తో వేడి చేయకండి. కొన్ని నిమిషాలకోసారి ఒక పాయ తుడిచి చూస్తూ ఉండండి. లేత బంగారు రంగు కావాలనుకున్నప్పుడు పార్లర్ వాళ్ళు చూసే గుర్తు ఒకటుంది. జుట్టు అరటితొక్క లోపలివైపు రంగుకు వస్తే చాలు. అక్కడ ఆగాలి. ప్యాకెట్ మీద రాసిన గడువు అయిపోతే, కావలసిన రంగు రాకపోయినా కడిగెయ్యాలి. మాడు భగ్గున మండితే గడువు కోసం చూడకుండా అప్పుడే చల్లటి నీళ్ళతో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోసి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. కనుబొమలకు, కనురెప్పలకు ఈ మందు పనికిరాదు.

కడిగి ఆరబెట్టాక మిగిలిన పసుపును చూసి దిగులుపడనక్కర్లేదు. దానికి టోనర్ ఉంది. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్న రంగులు ఒకదాన్నొకటి అణచివేస్తాయి. పసుపును ఊదారంగు అణుస్తుంది, నారింజను నీలం అణుస్తుంది. ఊదారంగు షాంపూలు అమ్మేది ఇందుకే. అయితే టోనర్ జుట్టును లేత చేయలేదు, ఉన్న ఛాయను సరిదిద్దుతుంది. జుట్టు ఇంకా నారింజలోనే ఉంటే దానికి లేత బంగారు టోనర్ పెట్టి లాభం లేదు. అప్పుడు ముదురు బంగారు రంగుతో తృప్తిపడటం ఒక దారి. కొన్ని వారాలు ఆగి, జుట్టు బలం చూసుకుని మళ్ళీ ఒకసారి బ్లీచ్ పెట్టడం రెండో దారి. అదే రోజు మళ్ళీ పెట్టడం మాత్రం దారి కాదు. ఇంట్లో జుట్టు తెగిపోవడానికి ఒక కారణం ఈ తొందరే.

బ్లీచ్ అయిన జుట్టు నీళ్ళను గబగబా పీల్చుకుంటుంది, తేలికగా చిక్కుపడుతుంది. తలస్నానాలు తగ్గించి, ప్రతిసారీ కండిషనర్ వాడాలి. తడి జుట్టును వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి విడదీసుకోవాలి. మన ఇళ్ళలో ఉండే కొబ్బరినూనె ఇక్కడ బాగా పనికొస్తుంది. అది వెంట్రుకలోకి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కొంత ఆపుతుంది. స్నానానికి ముందు కొసలకు రాసుకుంటే మంచిది. ఈతకొలనులో దిగేవాళ్ళ బంగారు జుట్టు ఆకుపచ్చగా మారడానికి కారణం నీటిలో కరిగిన రాగి. దిగేముందు జుట్టును మంచినీటితో తడుపుకుంటే అది కొలను నీటిని తక్కువగా పీల్చుకుంటుంది. కుదుళ్ళు పెరిగాక కొత్తగా వచ్చిన భాగానికే బ్లీచ్ పెట్టాలి. పాత భాగం మీద మళ్ళీ పడితే ఆ కలిసిన చోటే వెంట్రుక తెగుతుంది.

నిమ్మరసం రాసుకుని ఎండలో కూర్చోవడం, చామంతి కషాయంతో కడుక్కోవడం లాంటి చిట్కాల గురించి కూడా ఒక మాట. లేత బ్రౌన్ జుట్టులో వాటివల్ల కొద్దిపాటి మెరుపు రావచ్చు, బంగారు రంగు రాదు. నిమ్మరసం జుట్టును బిరుసుగా చేస్తుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే పొక్కులు లేచి నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది. సహజమైనది కదా అని జాగ్రత్త మానకూడదు.

ఇక మన తెలుగువాళ్ళ సంగతి. మనలో చాలామంది జుట్టు ఆ కొలతలో 1 నుంచి 3 లోపు ఉంటుంది. విదేశాల్లో దొరికే డబ్బా వెనక, ఏ రంగు జుట్టు మీద ఏ రంగు వస్తుందో బొమ్మలు వేసి ఉంటాయి. అవి చాలావరకు బ్రౌన్, బ్లాండ్ జుట్టువాళ్ళకోసం వేసినవి. ఆ డబ్బా మన నల్లజుట్టు మీద పెడితే ఎర్రటి రాగి రంగు దగ్గరే ఆగిపోతుంది. లేత బంగారు రంగు దాకా పోవాలంటే చాలా మెట్లు ఎక్కాలి. ఒక్క పూటలో జుట్టు అంత దెబ్బకు తట్టుకోవడం కష్టం. నల్లజుట్టువాళ్ళు మనసుపడితే తల మొత్తం కాకుండా, మాడుకు తగలకుండా కొన్ని పాయలకు తేనె రంగో, రాగి రంగో వేయించుకోవచ్చు. కుదుళ్ళు పెరిగినా అది ఎబ్బెట్టుగా కనిపించదు, జుట్టులో ఎక్కువ భాగం క్షేమంగా ఉంటుంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఏ రంగూ పడని లేత బ్రౌన్ జుట్టును రెండు మూడు మెట్లు తేలిక చేసుకోవడం ఇంట్లో జాగ్రత్తగా చేయదగిన పనే. ముదురు బ్రౌన్ నుంచి, నలుపు నుంచి లేత బంగారు రంగుకు పోవడం, పాత రంగు మీద, గోరింటాకు మీద బ్లీచ్ పెట్టడం శిక్షణ పొందిన చేతులు చేయాల్సిన పని. ఆ చేతికి కూడా ఒక్క రోజు గడువు పెట్టకండి. రెండు మూడు విడతలు, నెలల వ్యవధి ఇవ్వండి. పెరిగి బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, దానికి తగిలిన దెబ్బ మానదు. కత్తిరించుకుని కొత్తది పెరిగేదాకా ఎదురుచూడటమే దానికి వైద్యం.

కాబట్టి రంగు డబ్బా ఇంటికి తెచ్చుకున్నవారందరికీ నా విన్నపం ఇది. దాన్ని పిల్లలకు అందని చోట పెట్టండి. దాని మీద రాసింది మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఒంటి మీద పరీక్షకు రెండు రోజులు, పాయ పరీక్షకు ఒక పూట కేటాయించండి. ఆ రెండూ సరేనన్నాకే తల మీద బ్రష్ పెట్టండి.